సంజ్ఞా భాష, సర్కారు సేవలు: నల్గొండ, పాలమూరు జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో వినికిడి లేనివారు, వారి ఇంటివాళ్లు, కార్యాలయాల్లో వారికి ఎదురుగా కూర్చునే ఉద్యోగులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. మా అక్కకు పుట్టుకతోనే వినబడదు. దేవరకొండ వైపు ఉన్న మా ఊరి నుంచి ఆమెను వెంటబెట్టుకొని దవాఖానకు, బ్యాంకుకు, తహసీల్దారు కార్యాలయానికి ఏళ్ల తరబడి తిరగడంతోనే ఈ సంగతులు ఒక్కొక్కటిగా తెలుసుకోవలసి వచ్చింది. చట్టం చెప్పిన మాట ఎక్కడుందో, నా అనుభవం ఎక్కడుందో వేరుగా తెలిసేలా రాయడానికి ప్రయత్నించాను.

సంజ్ఞా భాష అంటే చేతులతో చేసే సైగలే కదా, దాన్ని భాష అని ఎందుకంటారు?

మాట రానప్పుడు ఎవరైనా చేసే సైగలు వేరు, బధిరులు తరతరాలుగా తమలో తాము మాట్లాడుకునే సంజ్ఞా భాష వేరు. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన పదజాలం, వ్యాకరణం ఉన్నాయి. చేతి ఆకారం, అది శరీరానికి ఎక్కడ ఆనుతుంది, ఎటు కదులుతుంది, ముఖంలో ఏ భావం ఉంది అన్నవి కలిస్తేనే ఒక పదం అవుతుంది. కనుబొమ్మలు పైకెత్తి కొంచెం ముందుకు వంగితే అదే వాక్యం అవును, కాదు అనే జవాబు కోరే ప్రశ్నగా మారుతుంది. ‘ఇవ్వు’ అనే సంజ్ఞ నా నుంచి మీ వైపు కదిలితే నేను మీకు ఇచ్చినట్లు, మీ నుంచి నా వైపు కదిలితే మీరు నాకు ఇచ్చినట్లు. మనం విభక్తులతో చెప్పేదాన్ని ఆ భాష చేయి కదిలే దిశతో చెబుతుంది.

తెలుగువారికి ఇందులో ఒక సౌలభ్యం కూడా ఉంది. ‘నీ పేరు ఏమిటి’ అన్నప్పుడు మనం ప్రశ్న పదాన్ని చివర పెడతాము, భారతీయ సంజ్ఞా భాష కూడా నీ, పేరు, ఏమి అనే వరుసలోనే అడుగుతుంది. ‘ఆయన డాక్టరు’ అని మనం క్రియ లేకుండా చెప్పినట్లే అక్కడా చెప్పవచ్చు. ‘లేదు’, ‘కాదు’ అనేవి మనకు చివర వచ్చినట్లే అక్కడా చివర వస్తాయి. అందువల్ల ఈ భాష నేర్చుకోవడం మన నాలుకకు అలవాటైన దారికి దగ్గరగానే ఉంటుందని నా నమ్మకం.

మా ఇంట్లో వాడే సైగలు, భారతీయ సంజ్ఞా భాష ఒకటేనా?

కావు. వినికిడి లేని బిడ్డ వినేవారి ఇంట్లో పెరిగినప్పుడు ఆ ఇంటికి మాత్రమే అర్థమయ్యే సైగలు పుడతాయి. మా ఇంట్లో మీసం మెలేస్తే నాన్న, ముక్కుపుడక దగ్గర వేలు పెడితే అమ్మ, భుజం మీద గంప మోస్తున్నట్లు చేస్తే అంగడి రోజు. ఇవి మా వాకిట్లో చెల్లుతాయి, పక్క ఊరి బధిరురాలికి వీటిలో సగం తెలియవు. భారతీయ సంజ్ఞా భాష మాత్రం దేశంలోని వేరు వేరు ప్రాంతాల బధిరులు కలిసినప్పుడు మాట్లాడుకోగలిగినది. ప్రాంతాన్ని బట్టి కొన్ని సంజ్ఞలు మారతాయి గానీ వ్యాకరణం చాలావరకు ఒక్కటే.

ఈ తేడా అధికారులకు తెలియడం అవసరం. బడికి పోని, తోటి బధిరులతో కలవని మనిషికి పట్నం నుంచి వచ్చిన ఇంటర్‌ప్రెటర్ (మాటను సంజ్ఞల్లోకి, సంజ్ఞలను మాటలోకి మార్చి చెప్పేవారు) చేసే సంజ్ఞలు వెంటనే అర్థం కాకపోవచ్చు. అటువంటి చోట ఆ మనిషి ఇంటి సైగలు తెలిసిన బధిరుడు ఒకరు ఇంటర్‌ప్రెటర్ పక్కన కూర్చుంటే పని సాఫీగా జరుగుతుంది.

కాగితం మీద రాసి చూపిస్తే సరిపోదా?

బాగా చదువుకున్న వారికి, పెద్దయ్యాక వినికిడి తగ్గిన వారికి చాలావరకు సరిపోతుంది, వారు అదే కోరుకోవచ్చు కూడా. కానీ పుట్టుకతో వినబడని వారికి తెలుగు చెవిన పడిన భాష కాదు, కంటితో ఒక్కో అక్షరమూ కూడబలుక్కొని నేర్చుకున్న రెండో భాష. దానికి తోడు మన కార్యాలయాల తెలుగు ఎలాంటిదో అందరికీ తెలుసు. ‘ధ్రువీకరణ సమర్పించనందున పింఛను నిలుపుదల చేయడమైనది’ అని రాసి చేతిలో పెడితే వినగలిగిన వారికే ఒక పట్టాన అర్థం కాదు. ‘మీ వేలిముద్ర పడలేదు. అందుకే ఈ నెల డబ్బు రాలేదు. సోమవారం ఆధార్ కార్డుతో రండి’ అని చిన్న వాక్యాలుగా రాస్తే, తేదీని అంకెలతో వేస్తే, ఆ కాగితానికి విలువ ఉంటుంది.

పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారు కదా?

అద్దం ముందు నిలబడి గొంతు విప్పకుండా ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలిసి విడిపోతాయి. క, గ వంటివి గొంతు దగ్గర పుట్టేవి కనుక బయటికి కనబడనే కనబడవు. పెదవులను చదివేవారు కొంత చూసి, మిగతాది సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు. మందు మోతాదు, సర్వే నంబరు, రూపాయల లెక్క ఊహకు వదిలేయదగినవి కావు. ఎదుటివారు తల ఊపారంటే అర్థమైందని కాదు, చాలాసార్లు విసిగించడం ఇష్టం లేక ఊపుతారు.

ప్రభుత్వ కార్యాలయంలో సంజ్ఞా భాషలో సేవ కోరే హక్కు నిజంగా ఉందా, లేక అది అధికారి దయా?

దయ కాదు. 2016లో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అంతకు ముందే, 2007 అక్టోబరు 1న, భారతదేశం ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను ధ్రువీకరించింది, ఆ ఒడంబడికకు అనుగుణంగా తెచ్చినదే ఈ చట్టం. ‘సంభాషణ’ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే సంజ్ఞా భాష ఉంది. మూడో సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు తగిన సర్దుబాటు, అంటే వారి అవసరానికి తగ్గ ఏర్పాటు, కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. 42వ సెక్షన్ ప్రకారం అచ్చులో, ధ్వనిలో, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో వచ్చే సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలి, టీవీ వంటి వాటికి సంజ్ఞా భాషా అనువాదమో తెర మీద అక్షరాలో ఉండాలి. సేవలందించే వారు ప్రభుత్వమైనా ప్రైవేటు అయినా ప్రమాణాలు పాటించాలని 46వ సెక్షన్ అంటుంది, కాబట్టి బ్యాంకులు, ప్రైవేటు దవాఖానలు తమకు సంబంధం లేదనడానికి వీలు లేదు.

ఇక్కడ మన రాష్ట్రానికి దగ్గరి విషయం ఒకటి చెప్పాలి. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకొని, 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుబాటుకు సంబంధించిన కేంద్ర నిబంధనల్లో ఒకటి కేవలం సలహాలా ఉందని, చట్టం కోరేది తప్పనిసరి ప్రమాణాలను అని చెప్పి ఆ నిబంధనను కొట్టివేసింది. ‘వీలైతే చేస్తాం’ అనే జవాబు ఇక చెల్లదని నేను ఈ తీర్పును బట్టి అర్థం చేసుకున్నాను.

అయితే ఒక లోటు ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో భారతీయ సంజ్ఞా భాష లేదు. దానిని చేర్చాలని బధిరుల సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి.

ఇంటివాళ్లు పక్కనే ఉన్నప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఎందుకు?

అన్ని ప్రశ్నల్లోనూ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చాలా ఏళ్లు అక్క తరఫున నేనే మాట్లాడాను. డాక్టరు ఐదు నిమిషాలు చెబితే నేను మూడు సైగల్లో ముగించేవాణ్ణి: మందులు, రోజుకు రెండు, భయం లేదు. అక్క ఏదో అడగబోతే ‘ఇంటికి పోయాక చెప్తా’ అన్నట్లు చేయి ఊపేవాణ్ణి. ఇంటికి పోయాక చెప్పేవాణ్ణి కాదు. ఒకసారి ఆమెకు థైరాయిడ్ ఉందని తేలింది, ఆ మందు పరగడుపున వేసుకోవాలని డాక్టరు చెప్పిన మాట నేను చేరవేయలేదు. నెలల తరబడి అక్క దాన్ని అన్నం తిన్నాక వేసుకుంది. తప్పు ఆమెది కాదు. డాక్టరుది కూడా కాదు, ఆయన చెప్పారు. మధ్యలో నిలబడిన నాకు ఆ పనిలో తర్ఫీదు లేదు, ఓపిక కూడా లేదు.

బంధువులు ఎంత ప్రేమగలవారైనా మాటను కుదిస్తారు, తమకు తోచిన సలహా కలుపుతారు, చెబితే బాధపడుతుందని కొన్ని దాస్తారు. ఆస్తి విషయంలో అయితే ప్రమాదం ఇంకా పెద్దది. అన్నదమ్ములు భూమి పాలు పంచుకునేటప్పుడు బధిరురాలైన చెల్లెలి సమ్మతిని అధికారి ముందు తర్జుమా చేసేది ఆ పంపకంలో లాభపడే అన్నే అయితే, ఆమె ఏ కాగితం మీద వేలిముద్ర వేసిందో ఆమెకు తెలిసిందని ఎవరు చెప్పగలరు? రిజిస్ట్రేషన్ చేసే అధికారి ఆ కాసేపు బంధువులను బయట కూర్చోబెట్టి, వీడియో కాల్‌లోనైనా సరే సంబంధం లేని ఇంటర్‌ప్రెటర్ ద్వారా ‘ఈ భూమి ఇక మీది కాదు, తెలిసే ఇస్తున్నారా’ అని అడగాలి. ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తూ ఉంటే ఆ జవాబు ఆమె చేతులతోనే వస్తుంది.

ఇంటి పిల్లలను ఈ పనికి వాడుకోవడం మరీ అన్యాయం. తల్లిదండ్రులిద్దరూ బధిరులైన ఇళ్లలో పదేళ్ల పిల్ల బడి మానుకొని బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడుతుంది, తల్లి రోగం పేరు డాక్టరు నోటి నుంచి ముందుగా ఆ పిల్లే వింటుంది.

ఇంటర్‌ప్రెటర్ ఉండాలి అంటే బంధువు ఉండకూడదని కాదు. తోడుగా ఉండవచ్చు, ధైర్యం చెప్పవచ్చు. ఎవరి ద్వారా మాట్లాడాలో నిర్ణయించవలసింది మాత్రం వినికిడి లేని ఆ మనిషే.

సర్కారు దవాఖానలో మొదటి ఇబ్బంది ఎక్కడ వస్తుంది?

డాక్టరు గదిలో కాదు, బయటి బెంచీ మీదనే వస్తుంది. ఓపీ చీటీ తీసుకున్నాక పేరో నంబరో కేకేసి పిలుస్తారు. ఒక పెద్ద దవాఖానలో నేను చూసిన దృశ్యం ఇది: ఒకామె పొద్దున ఎనిమిది గంటలకు చీటీ పట్టుకొని కూర్చుంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేది, తన వంతు కాదేమో అనుకొని కూర్చునేది. చెమటకు చీటీ మెత్తబడి అంకె అలుక్కుపోయింది. ఆమె నంబరు గంట ముందే పిలిచి దాటేశారని మధ్యాహ్నం ఓపీ మూసేటప్పుడు తెలిసింది. అంకె కనబడే చిన్న బోర్డు ఉంటే, లేదా చీటీ మీద చెవి గుర్తు వేసి ‘దగ్గరికి వచ్చి భుజం తట్టండి’ అని రాసి ఉంటే ఆమెకు ఆ రోజు పోయేది కాదు.

శస్త్రచికిత్సకు ముందు తీసుకునే సమ్మతి పత్రం, కాన్పు గదిలో ఇచ్చే సూచనలు, క్షయ మందుల వాడకం వంటి వాటికి ఇంటర్‌ప్రెటర్ తప్పనిసరి అని నా అభిప్రాయం. కాన్పు సమయంలో మాస్కుల వెనక నుంచి వచ్చే మాటలు బధిర స్త్రీకి అస్సలు అందవు. అందుకే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఏడో నెలలోనే ఆమెతో కూర్చొని, అక్కడ ఏమేం జరుగుతుందో బొమ్మలతోనైనా చెప్పి, ‘ఆపు’, ‘నొప్పి’, ‘ముక్కు (బలం పెట్టు)’ వంటి పది సంజ్ఞలు ఇద్దరూ ఒప్పుకొని పెట్టుకుంటే మేలు.

పోలీసు స్టేషన్‌లో, కోర్టులో ఏం కోరవచ్చు?

ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, అందులో పేర్కొన్న మహిళలపై నేరాల్లో బాధితురాలు దివ్యాంగురాలైతే ఆమె ఇంటి వద్దనో ఆమెకు అనుకూలమైన చోటనో ఫిర్యాదు నమోదు చేయాలి, ఇంటర్‌ప్రెటర్ గానీ స్పెషల్ ఎడ్యుకేటర్ గానీ ఉండాలి, దాన్ని వీడియో తీయాలి. కోర్టులో మాట్లాడలేని సాక్షి రాతతో గానీ సంజ్ఞలతో గానీ సాక్ష్యం ఇవ్వవచ్చని, దాన్ని నోటి సాక్ష్యంగానే పరిగణించాలని భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ చెబుతుంది. పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో పోక్సో చట్టం కూడా ఇటువంటి సహాయం తీసుకోవడానికి వీలు కల్పించింది.

దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టంలో ఉంది. దీనికోసం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను కలవాలి. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులోనే వాదన వినిపించారు. దేశపు అత్యున్నత న్యాయస్థానంలో వీలైన పని మండల స్థాయి కార్యాలయంలో వీలు కాదనడం నాకు సబబుగా తోచదు.

మన జిల్లాల్లో ఇంటర్‌ప్రెటర్లు ఎక్కడ దొరుకుతారు?

నిజం చెప్పాలంటే దేశమంతటా అర్హత గల ఇంటర్‌ప్రెటర్లు అవసరానికి తగినంత మంది లేరు. ఈ వృత్తికి గుర్తింపు పొందిన చదువు రెండేళ్ల డిప్లొమా, దాన్ని పూర్తి చేసినవారు భారతీయ పునరావాస మండలిలో నమోదవుతారు. ఢిల్లీలో 2015 సెప్టెంబరులో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఈ రంగానికి మూలస్తంభం. మనకు దగ్గరగా సికింద్రాబాదులో, మనోవికాస్‌నగర్ ఆవరణలో, అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

నల్గొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాదు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పావుగంట మాటల కోసం మనిషి రానూపోనూ ఒక రోజు పోతుంది. అందుకే మన జిల్లాలకు ఆచరణలో కుదిరేది వీడియో కాల్ పద్ధతి. కార్యాలయంలో పెద్ద తెర ఉన్న ఒక ఫోనో ట్యాబో, నిలకడగా ఉండే నెట్, ముఖం మీద వెలుగు పడే కుర్చీ ఉంటే చాలు. వెనక కిటికీ ఉంటే చేతులు నల్లగా కనబడి సంజ్ఞలు తెలియవు. పోలీసు విచారణ, కోర్టు సాక్ష్యం, శస్త్రచికిత్స వంటి వాటికి మాత్రం మనిషే రావాలి, ఆ తేదీ ముందే నిర్ణయించుకోవాలి. రుసుము భారం బధిరుల మీద పడకూడదు, సర్దుబాటు కల్పించే బాధ్యత కార్యాలయానిదే.

నేను కౌంటర్‌లో పనిచేసే ఉద్యోగిని. నాకు సంజ్ఞా భాష రాదు. రేపటి నుంచే నేను చేయగలిగింది ఏమిటి?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఉద్యోగికీ నా కృతజ్ఞతలు. ముందుగా కేకలు వేయడం మానండి. గట్టిగా అరిస్తే ముఖం కోపంగా మారుతుంది, ఎదుటివారికి ఆ కోపమే కనబడుతుంది. పిలవాలంటే చేయి ఊపండి, భుజం మీద మెల్లగా తట్టండి, దూరంగా ఉంటే లైటు ఒకసారి ఆర్పి వెలిగించండి. కంప్యూటరు వైపు చూస్తూ మాట్లాడవద్దు. ఏదైనా చదవమని కాగితం ఇచ్చినప్పుడు వారు తల ఎత్తేదాకా ఆగండి, ఎందుకంటే ఒకేసారి కాగితాన్నీ మీ ముఖాన్నీ చూడడం ఎవరి కళ్లకూ సాధ్యం కాదు. ఇంటర్‌ప్రెటర్ ఉంటే ఆయనను చూసి ‘ఆమెకు చెప్పండి’ అనకుండా, నేరుగా ఆమెనే చూసి ‘మీ కార్డు ఇవ్వండి’ అనండి.

మీ కౌంటర్‌లో రోజూ అడిగే పది విషయాలను పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ఒక అట్ట మీద రాసి పెట్టుకోండి: ఆధార్, ఫోటో, సంతకం, రుసుము ఎంత, ఎప్పుడు రావాలి, ఏ గదికి వెళ్లాలి. చివర ‘అర్థమైందా’ అని అడగకండి. ‘ఇప్పుడు మీరు ఏం చేస్తారు’ అని అడిగి, వారు చూపించేదాకా ఓపిక పట్టండి.

వరద, తుపాను హెచ్చరికలు బధిరులకు ఎలా అందుతాయి?

చాలా ఊళ్లలో అందవు. మన దగ్గర ఇప్పటికీ హెచ్చరిక అంటే డప్పు చాటింపు, ఆటో మీద మైకు, గుడి దగ్గర లౌడ్‌స్పీకరు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూరు ప్రాంతాన్ని ముంచినప్పటి వంటి రాత్రి మళ్లీ వస్తే, ఒంటరిగా నిద్రపోతున్న బధిరుడిని మైకు లేపలేదు. ప్రతి గ్రామ పంచాయతీ దగ్గర వినికిడి లేనివారి ఇళ్ల జాబితా ఉండాలి, ఒక్కో ఇంటికి వెళ్లి తలుపు తోసి లేపవలసిన మనిషి పేరు దాని పక్కనే రాసి ఉండాలి. ఫోనుకు వచ్చే హెచ్చరిక సందేశం వణుకుతో రావడం మంచిదే, కానీ ఆ ఫోను దిండు కింద ఉంటేనే తెలుస్తుంది. అత్యవసరంలో 112కు మాట్లాడలేని వారు ఆ సేవకు ఉన్న యాప్‌ను ముందే ఫోనులో వేసుకొని, ఇంటి చిరునామా నింపి పెట్టుకోవడం మేలు.

వైకల్య సర్టిఫికెట్ తప్పనిసరా?

పింఛను, రిజర్వేషను వంటి లబ్ధికి కావాలి. మన రాష్ట్రంలో సదరం పేరుతో అలవాటైన వైకల్య పరీక్షకు ఇప్పుడు దేశవ్యాప్తంగా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఉంది. వైకల్యం 40 శాతం లోపు ఉంటే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్ స్థాయి లోపం ఉన్నవారిని చట్టం బధిరులు అంటుంది, 60 నుంచి 70 మధ్య ఉన్నవారిని వినికిడి మందగించినవారు అంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో ఒక శాతం వీరిద్దరికీ కలిపి. అయితే కౌంటర్ దగ్గర మర్యాదగా అర్థమయ్యేలా చెప్పించుకోవడానికి ఏ కార్డూ అడగకూడదు.

ఫోన్ కాల్ ద్వారానే నడిచే సేవల సంగతి?

నేటి పెద్ద అడ్డంకి ఇదే. గ్యాస్ బుకింగు, కరెంటు ఫిర్యాదు, బ్యాంకు కార్డు ఆపడం, చివరికి ఫిర్యాదుల విభాగం కూడా ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే గొంతుతోనే మొదలవుతుంది. ఒక బ్యాంకు వాళ్లు అక్క ఖాతా గురించి ‘ఖాతాదారే మాట్లాడాలి’ అని మూడుసార్లు ఫోను పెట్టేశారు. ఖాతాదారు మాట్లాడలేరని చెప్పినా నియమం అదే అన్నారు. సందేశం, చాట్, ఈమెయిల్, వీడియో అనే నాలుగింటిలో ఒకటైనా ఇవ్వని సేవ అందరికీ అందినట్లు కాదు. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారి కేవైసీ ఇబ్బందుల నుంచి వచ్చినదే అయినా, ఆ సూత్రం బధిరులకూ వర్తిస్తుందని నేను భావిస్తున్నాను.

చెవిటి, మూగ అనే మాటలు వాడవచ్చా?

‘మూగ’ అనే మాటను చాలామంది బధిరులు ఇష్టపడరు, వారికి భాష ఉంది కనుక అది తప్పు మాట కూడా. బధిరులు, వినికిడి లేనివారు అనండి. పేరు తెలిస్తే పేరుతోనే పిలవండి. నలుగురిలో కావాలని హేళన చేస్తే అది దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

సేవ నిరాకరిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్రతి ప్రభుత్వ సంస్థ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలని దివ్యాంగుల హక్కుల చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ ఉద్యోగంలో వివక్ష గురించిన ఫిర్యాదులకు ముఖ్యం, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి, తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. సేవల విషయంలో మన దగ్గర దగ్గరి దారి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి. ఫలానా రోజు, ఫలానా కౌంటర్, ఏం అడిగాము, ఏం జవాబు వచ్చింది అని ఒక పేజీలో రాసి ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి. అక్కడ తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. కమిషనర్‌కు విచారణలో సివిల్ కోర్టుకు ఉండే కొన్ని అధికారాలు ఉన్నాయి, ఆయన సిఫారసు మీద ఏం చేశారో సంబంధిత అధికారి మూడు నెలల్లో తెలపాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

సమాచార హక్కు చట్టాన్ని మరిచిపోవద్దు. ‘మీ కార్యాలయంలో గత ఏడాది ఎన్నిసార్లు సంజ్ఞా భాషా ఇంటర్‌ప్రెటర్‌ను పిలిచారు, ఎంత ఖర్చు చేశారు’ అని దరఖాస్తు పెట్టండి. చూపు, వినికిడి లోపం ఉన్నవారికి ఆ సమాచారం అందుకోవడానికి తోడ్పడవలసిన బాధ్యత కూడా 2005 నాటి ఆ చట్టం అధికారి మీదే పెట్టింది.

సంజ్ఞా భాష నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో మొదలుపెట్టిన నిఘంటువు 2021 ఫిబ్రవరి నాటికి 10,000 పదాలకు చేరింది. ప్రతి పదానికీ వీడియో యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య కింద సంజ్ఞా భాష కోసమే 31వ నంబరు టీవీ ఛానెల్ మొదలైంది. రోజుకు ఐదు పదాలు చాలు, వాటిలో మీ కార్యాలయానికి పనికొచ్చేవి ముందు తీసుకోండి.

కానీ వీడియోలు సగమే నేర్పుతాయి. మిగతా సగం మీ ఊరి బధిరుల దగ్గర, వారితో కూర్చుంటేనే వస్తుంది. నేను భారతీయ సంజ్ఞా భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన నెలకు, అక్కను హైదరాబాదులో తన ఈడు బధిర స్త్రీలు కలిసే చోటికి తీసుకెళ్లాను. మొదటి గంట ఆమె చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురితో చేతులు కలిపి మాట్లాడుతోంది, వాళ్లు ఏమంటున్నారో నాకు సగం తెలియలేదు. తిరుగు బస్సులో నేను ఒక సంజ్ఞ తప్పుగా చేస్తే, అక్క నా వేళ్లు పట్టుకొని సరిచేసింది.